పైలాన్ పక్కన చేజారిన బంతి ఎవరికి చెందాలి?

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ దగ్గర ఉన్న మీ బావగారింటికి వెళ్లినప్పుడు ఆయన అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2021 జనవరి 17న కాన్సస్ సిటీ చీఫ్స్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆడిన ప్లేఆఫ్ (నాకౌట్ ఆట) వీడియో చూపించారు. బ్రౌన్స్ ఆటగాడు రషార్డ్ హిగ్గిన్స్ గోల్ లైన్ మీదికి దూకుతుంటే బంతి చేజారింది. ఎండ్ జోన్‌లోంచి, అంటే గోల్ లైన్ అవతల పాయింట్లు దక్కే జాగాలోంచి, గీత దాటి బయటికి పోయింది. ఎవరూ పట్టుకోలేదు. అయినా బంతిని చీఫ్స్‌కి ఇచ్చేశారు. ఇంతకంటే అన్యాయమైన రూల్ ఏ ఆటలోనూ లేదని బావగారు, రూల్ అందరికీ ఒకటే కదా అని మీరు. ఎవరు రైటో చెప్పమన్నారు.

నేను పదకొండేళ్లుగా టెక్సాస్‌లో స్కూల్ ఫుట్‌బాల్‌కి అఫీషియల్‌గా చేస్తున్నాను. పగలు ఆఫీసు పని, సీజన్ మొదలైతే గురువారం, శుక్రవారం సాయంత్రాలు చారల చొక్కా. మొదటి మూడు నాలుగేళ్లు నేనూ మీ బావగారి పక్షమే. ఇప్పుడు కాదు. ఆ రూల్ న్యాయమైనదే, మార్చకూడదు అన్నది ఈరోజు నా మాట. అయితే ఆ వీడియో చూసి బావగారికి కోపం రావడం కూడా సబబే. కోపం వెళ్లి తగలాల్సిన చోట తగలడం లేదు, అంతే.

ముందు రూల్ ఏమిటో చూద్దాం. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి చేతిలోంచి బంతి జారిపోతే ఫంబుల్. మైదానం మధ్యలో జారి, ముందుకు దొర్లి సైడ్‌లైన్ బయటికి పోతే, ఏ చోట జారిందో అక్కడికే బంతిని తెస్తారు. జారవిడుచుకున్న జట్టే ఆట కొనసాగిస్తుంది. అదే బంతి ముందుకు పోయి, ప్రత్యర్థి గోల్ లైన్ దాటి, ఎండ్ జోన్ పక్క నుంచో వెనక నుంచో బయటికి పోతే అది టచ్‌బ్యాక్. బంతి కాచుకునే జట్టుది, వాళ్ల 20 గజాల గీత దగ్గర నుంచి. చీఫ్స్, బ్రౌన్స్ ఆడే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోనూ ఇదే, కాలేజీల్లోనూ ఇదే, స్కూళ్లలోనూ ఇదే. మూలలో నిలబెట్టే నారింజ రంగు పైలాన్ కూడా ఎండ్ జోన్ కిందే లెక్క. బంతి చేతిలో ఉండగా దాన్ని తాకిస్తే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు; చేజారిన బంతి వెళ్లి దానికి తగిలితే టచ్‌బ్యాక్.

దీన్ని తప్పుపట్టేవాళ్ల వాదన బలహీనమైనదేం కాదు. ఒక గజం ముందు బయటికి పోయిన బంతి మనదే. ఒక గజం అవతల బయటికి పోతే ఎదుటివాళ్లది. అవతలి జట్టు బంతిని పట్టుకుంది లేదు, దాని మీద పడింది లేదు. ఊరికే వచ్చి ఒళ్లో పడినట్టు వాళ్లకి బంతి, పైగా 20 గజాల జాగా. ఒక కంటికి వెన్న, ఇంకో కంటికి సున్నం పెట్టినట్టే ఉంటుంది చూసేవాళ్లకి.

గజం తేడా సంగతి ముందు తేల్చేస్తాను. మనం క్రికెట్ చూసి పెరిగినవాళ్లం. లాంగాన్‌లో ఫీల్డర్ క్యాచ్ పట్టాడు, బంతి చేతిలోనే ఉంది, మడమ మాత్రం బౌండరీ తాడుకి ఆనింది. వికెట్ దక్కలేదు, బ్యాట్స్‌మన్‌కి ఆరు పరుగులు వచ్చాయి. అరంగుళం ఇవతలైతే బ్యాట్స్‌మన్ ఔట్, అరంగుళం అవతలైతే సిక్స్. దాన్ని ఎవరూ అన్యాయం అనరు, ఎందుకంటే తాడు అక్కడ ఉందని ఫీల్డర్‌కి తెలుసు. గోల్ లైన్ కూడా అలాంటిదే. బంతి మొన మాత్రం ఆ గీత అంచుని తాకితే చాలు ఆరు పాయింట్లు. మీద పడి బంతిని అవతల నేలకి ఆనించనక్కర్లేదు, చేయి చాచి బంతిని గీత మీద గాల్లో చూపిస్తే చాలు. అంత తక్కువ పనికి అంత పెద్ద బహుమతి ఇచ్చే గీత దగ్గర, అది చేజారితే నష్టం కూడా పెద్దదే ఉంటుంది.

ఇక, ఎవరూ పట్టుకోని బంతిని కాచుకునేవాళ్లకి ఎందుకివ్వాలి? ఇక్కడే చాలామంది ఒక సంగతి పట్టించుకోరు. ఈ రూల్ ఒంటరిది కాదు. ఎండ్ జోన్‌లో బంతి ఆగిపోయినా, అక్కణ్ణుంచి బయటికి పోయినా ఈ ఆట అడిగేది ఒకటే ప్రశ్న: బంతిని ఆ గీత దాటించిన ఊపు ఎవరిది? పంట్ కొట్టినప్పుడు, అంటే బంతిని ఎదుటి జట్టుకి వదిలేస్తూ దూరంగా తన్నినప్పుడు, బంతి దొర్లుకుంటూ ఎండ్ జోన్‌లోంచి బయటికి పోతే, ఊపు తన్నినవాళ్లది, కాబట్టి టచ్‌బ్యాక్. అక్కడా ఎవరూ బంతిని పట్టుకోలేదు. అదే, ఒక జట్టు తన సొంత ఎండ్ జోన్‌లో బంతి జారవిడుచుకుని, అది వెనక గీత దాటిపోతే? ఊపు వాళ్లదే, నేల కూడా వాళ్లదే. సేఫ్టీ. ఎదుటి జట్టుకి రెండు పాయింట్లు, ఆ తర్వాత బంతిని కూడా వాళ్లకే తన్ని ఇవ్వాలి. ఇది ఇంకా కఠినం కదా! అయినా దాన్ని ఎత్తేయమని ఎవరూ అడగరు. ఎండ్ జోన్ కాచుకునేవాళ్ల ఇల్లు. సైడ్‌లైన్ బయట ఉన్నది ఊరుమ్మడి జాగా. రెంటికీ ఒకే లెక్క కట్టమంటే కుదరదు.

సరే, ఈ తర్కమంతా పుస్తకంలో చదివి నాకు ముందే తెలుసు. తెలిసినా నా మనసు మారలేదు. అది మారింది ఒక గురువారం సాయంత్రం.

పదో తరగతి పిల్లల ఆట. సెప్టెంబరు ఎండ, ఆరున్నరైనా మైదానం సెగలు కక్కుతోంది. నేను సైడ్‌లైన్ పక్కన ఉండే వింగ్ అఫీషియల్‌ని, గోల్ లైన్ దగ్గర నిర్ణయం నాదే. ఒక పిల్లవాడు మధ్యలోంచి బయటపడి నా వైపు గీత వెంబడి పరుగందుకున్నాడు. నలభై గజాల పైనే. అతనికి ముందు ఎవరూ లేరు. నేను అతనికంటే ముందు గోల్ లైన్ చేరి నిలబడ్డాను, మా పని అదే. మైదానం అవతలి పక్క నుంచి ఇంకో పిల్లవాడు ఏటవాలుగా పరిగెత్తుకొస్తున్నాడు. అందుకుంటాడని నేననుకోలేదు. రెండు గజాల దూరంలో బంతి పట్టుకున్నవాడు దూకాడు, కుడిచేత్తో బంతిని పైలాన్ వైపు చాచాడు. సరిగ్గా అప్పుడు వెనకవాడి అరచేయి ఇతని మోచేతి మీద పడింది. బంతి గాల్లోకి లేచింది, గోల్ లైన్ లోపల ఒకసారి నేలకి తగిలి, నా బూటు పక్కనుంచి బయటికి పోయింది.

మా నడుముకి చిన్న బీన్ బ్యాగ్ ఒకటి ఉంటుంది, గుడ్డ సంచి. బంతి ఎక్కడ జారిందో ఆ చోట దాన్ని పడేయాలి. ఒక గజం గీత దగ్గర వేశాను, విజిల్ ఊదాను, చేయెత్తి అటూ ఇటూ ఊపాను. టచ్‌బ్యాక్. పరిగెత్తిన పిల్లవాడు పైలాన్ పక్కనే బోర్లా పడి లేవలేదు. వాళ్ల కోచ్ వచ్చి, "బంతి గీతకి ముందే జారిందా సార్?" అని మాత్రం అడిగాడు. నేను బీన్ బ్యాగ్ చూపించాను. ఆయన తలూపి, పిల్లవాడి భుజం పట్టి లేపి, "రెండు చేతులూ" అన్నాడు. ఇంకేం అనలేదు.

నేను చూస్తున్నది మాత్రం రెండో పిల్లవాణ్ణి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తున్నాడు. ఆట అయిపోయినట్టే అని అందరూ అనుకున్న చోట వదలకుండా పరిగెత్తినవాడు అతనొక్కడే. బంతి జారిన చోటికే తిరిగి ఇచ్చే రూల్ గనక ఉంటే, అతనికి దక్కేదేమిటి? ఒక గజం దూరంలో ఎదుటి జట్టుకే బంతి. మరుసటి స్నాప్‌కి, అంటే ఆట మళ్లీ మొదలవగానే, టచ్‌డౌన్. అతను పరిగెత్తినా పరిగెత్తకపోయినా స్కోరు బోర్డు మీద పడేది అదే ఆరు. ఈ రూల్ గురించి వాదించే ప్రతిసారీ మనం బంతి పోగొట్టుకున్నవాడి కళ్లతోనే చూస్తాం. ఆ పరుగు పరిగెత్తినవాడి వైపు నుంచి చూస్తే ఊరికే ఒళ్లో పడింది అనే మాట నోట రాదు.

ఇప్పుడు అసలు భయం. రూల్ తీసేసి, జారిన చోటికే బంతి ఇచ్చారనుకోండి. గోల్ లైన్ ముందు ప్రతివాడూ ఒంటిచేత్తో బంతి చాస్తాడు. గీత తాకితే ఆరు. జారి లోపల పడితే తన జట్టువాడు దాని మీద పడొచ్చు, అప్పుడూ ఆరే. బయటికి పోతే తిరిగి మనదే. పోయేదేముంది? ఒక్క డౌన్, అంటే పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి. ఇలాంటి చోట ఆటగాళ్లు ఏం చేస్తారో చరిత్ర ముందే చూపించింది. 1978 సెప్టెంబరు 10, శాన్ డియేగో. ఛార్జర్స్ 20-14తో ముందున్నారు, పది సెకన్లు మిగిలాయి. రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) కెన్ స్టేబ్లర్‌ని పట్టేశారు. పడిపోతూ బంతిని ముందుకు వదిలేశాడు. అతని జట్టువాడు పీట్ బనజాక్ దాన్ని ఇంకొంచెం ముందుకు తోశాడు, డేవ్ కాస్పర్ కాలితో నెట్టుకుంటూ పోయి ఎండ్ జోన్‌లో దాని మీద పడ్డాడు. టచ్‌డౌన్. రైడర్స్ 21-20తో గెలిచారు. కావాలనే వదిలానని స్టేబ్లర్ తర్వాత ఒప్పుకున్నాడు. అభిమానులు దానికి హోలీ రోలర్ అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాదే లీగ్ రూల్ మార్చింది: నాలుగో డౌన్‌లోనూ, చివరి రెండు నిమిషాల్లోనూ జారవిడుచుకున్నవాడే బంతి పట్టుకుని ముందుకు తీసుకెళ్లాలి, అతని జట్టులో ఇంకెవరు పట్టుకున్నా జారిన చోటికంటే ముందుకి రాదు. కానీ గమనించండి, మిగతా సమయంలో, మొదటి మూడు డౌన్లలో ఆ అడ్డు లేదు. గోల్ లైన్ దగ్గర అప్పుడు బంతిని ముందుకు చిమ్మకుండా ఆపుతున్నది ఈ టచ్‌బ్యాక్ భయమే.

మధ్యేమార్గం ఒకటి చాలామంది చెప్తారు: బంతి దాడి చేసే జట్టుకే ఉంచండి, కాకపోతే 20 గజాల గీతకి వెనక్కి జరపండి, డౌన్ పోయినట్టు లెక్కేయండి. వినడానికి బాగుంది. మొదట్లో నాకూ నచ్చింది. మైదానంలో నిలబడి ఆలోచిస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. బంతి ఎండ్ జోన్‌లో దొర్లుతోంది, ఇద్దరు దాని వెంట పడ్డారు. కాచుకునేవాడు పట్టుకుంటే బంతి వాళ్లది. బయటికి పోతే మనది. అప్పుడు దాడి చేసే జట్టువాడు బంతిని పట్టుకోలేనని తెలిశాక ఏం చేస్తాడు? పట్టుకోబోయినట్టు చేసి బయటికి తోస్తాడు. చేత్తో కావాలని కొట్టడం తప్పే, కానీ కావాలని కొట్టాడో, పట్టుకోబోయి జారిందో చెప్పాల్సింది నేను, అర సెకనులో. బంతి ఎక్కడుందో నేను చూడగలను. వాడి మనసులో ఏముందో చూడలేను. ఇప్పుడున్న రూల్ నన్ను చోటు మాత్రమే అడుగుతుంది. అఫీషియల్‌గా అంతకంటే మంచి రూల్ నాకు కనిపించలేదు.

నాకూ తటపటాయింపు ఉన్న చోటు ఒకటుంది. కాచుకునేవాడు పిడికిలితో బంతిని గుద్ది చేజార్చినప్పుడు, ఆ గుద్దు వల్లే బంతి గోల్ లైన్ దాటినా, ఊపు మాత్రం జారవిడుచుకున్నవాడి ఖాతాలోనే వేస్తారు. నిజానికి తోసింది ఎవరు? ఇక్కడ రూల్ కొంచెం బలవంతంగా లెక్క కట్టిందనే నా అభిప్రాయం. కానీ మైదానంలో ఇంకెక్కడైనా గుద్ది చేజార్పించడం కాచుకునేవాడి హక్కు, కాపాడుకోవడం పట్టుకున్నవాడి బాధ్యత. గోల్ లైన్ దగ్గర మాత్రం అది తిరగబడాలా అంటే, నేను ఒప్పుకోలేను.

ఇక బావగారి కోపం. ఈ రూల్‌ని తిట్టడానికి జనం తెచ్చే ఉదాహరణలు ఒక్కొక్కటే విప్పి చూస్తే, చాలావాటిలో జరిగిన అన్యాయం వేరే.

2015 అక్టోబరు 5, సియాటిల్. సీహాక్స్‌తో ఆటలో లయన్స్ మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు, రెండు నిమిషాల లోపే మిగిలింది. లయన్స్ ఆటగాడు కాల్విన్ జాన్సన్ గోల్ లైన్ దాకా వచ్చాడు. గీతకి గజం ఇవతల సీహాక్స్ ఆటగాడు కామ్ ఛాన్సలర్ బంతిని గుద్ది చేజార్చాడు. ఎంత గొప్ప ఆటో అది! కానీ ఎండ్ జోన్‌లో దొర్లుతున్న బంతిని ఛాన్సలర్ జట్టువాడే కె.జె. రైట్ చేత్తో వెనక గీత బయటికి కొట్టాడు. అది తప్పు. ఫౌల్ అని చూపే అఫీషియల్ జెండా పడాలి, బంతి లయన్స్‌కి గోల్ లైన్ ముందే దక్కాలి. జెండా పడలేదు. సీహాక్స్ 13-10తో గెలిచారు. తప్పు జరిగిందని లీగే తర్వాత ఒప్పుకుంది. ఇందులో టచ్‌బ్యాక్ రూల్ చేసిన నేరం ఏముంది?

2017 అక్టోబరు 15న జెట్స్, పేట్రియట్స్ ఆటలో జెట్స్ ఆటగాడు ఆస్టిన్ సెఫేరియన్ జెంకిన్స్‌కి ముందు టచ్‌డౌన్ ఇచ్చారు. వీడియో చూసి, బంతి ఒక్క క్షణం చేతిలో కదిలిందని, బయటికి పోయేలోపు మళ్లీ పట్టు దొరకలేదని టచ్‌బ్యాక్‌గా మార్చారు. అక్కడ వివాదం పట్టు దొరికిందా లేదా అన్నది, అంత స్పష్టంగా లేనప్పుడు మైదానంలో ఇచ్చిన నిర్ణయాన్ని కొట్టేయొచ్చా అన్నది. అది రీప్లే గొడవ.

ఈ రూల్‌కే నేరుగా చెందిన కేసు కావాలంటే అదే ఏడాది డిసెంబరు 17 చూడండి. ఓక్లాండ్‌లో కౌబాయ్స్ 20-17తో ముందున్నారు, అర నిమిషం మిగిలింది. రైడర్స్ 8 గజాల దూరంలో ఉన్నారు. ఏమీ చేయకుండా ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపితే మూడు పాయింట్లు) కొట్టినా స్కోరు సమం. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ బంతి పట్టుకుని పరిగెత్తి, పైలాన్ వైపు ఒంటిచేత్తో చాచాడు. జారింది. టచ్‌బ్యాక్, ఆట అయిపోయింది. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. డల్లాస్‌లో ఉండే మీ బావగారు కౌబాయ్స్ అభిమాని అయి ఉంటే ఆ రోజు ఈ రూల్‌కి దండం పెట్టే ఉంటారు. కార్ ఎందుకు చాచాడో నాకు తెలుసు, ఆ గీత మనిషిని లాగుతుంది. కానీ పందెం వేసింది అతనే, ఏం పోతుందో తెలిసే వేశాడు.

2024 జనవరి 21న బఫలోలో చీఫ్స్ కూడా ఇదే దెబ్బ తిన్నారు. 27-24తో ముందుండగా మెకోల్ హార్డ్‌మన్ గోల్ లైన్ దగ్గర జారవిడిచాడు, బంతి బిల్స్‌కి 20 గజాల దగ్గర దక్కింది. అదృష్టం బాగుండి చీఫ్స్ అదే స్కోరుతో బయటపడ్డారు. మూడు వారాలకి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఓవర్‌టైమ్‌లో గెలుపు టచ్‌డౌన్ పట్టింది ఆ హార్డ్‌మనే. ఈ రూల్ ఒక జట్టు పక్షం కాదని చెప్పడానికి ఇది చాలు.

ఇప్పుడు హిగ్గిన్స్ దగ్గరికి వద్దాం. హాఫ్‌టైమ్ దగ్గర పడింది, చీఫ్స్ 16-3తో ముందున్నారు. హిగ్గిన్స్ బంతి పట్టి పైలాన్ వైపు దూకాడు. చీఫ్స్ ఆటగాడు డేనియల్ సోరెన్సన్ తల దించి, హెల్మెట్‌తో నేరుగా అతని హెల్మెట్‌ని గుద్దాడు. తల దించి హెల్మెట్‌తో ఢీకొట్టడం 2018 నుంచి ఎన్ఎఫ్ఎల్‌లో ఫౌల్. ఆ జెండా పడి ఉంటే బంతి బ్రౌన్స్ దగ్గరే, గోల్ లైన్ ముందే ఉండేది. పడలేదు. రీప్లేలో బంతి ఎక్కడ జారిందో చూడొచ్చు, పడని జెండాని వేయడానికి వీల్లేదు. టచ్‌బ్యాక్ తర్వాత చీఫ్స్ ఫీల్డ్ గోల్ కొట్టి 19-3 చేశారు. చివరికి 22-17. తేడా ఐదు పాయింట్లు. క్లీవ్‌లాండ్ అభిమానులకి అది ఎందుకు మానలేదో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఎన్ఎఫ్ఎల్‌లో రూల్ మారాలంటే 32 జట్ల యజమానుల్లో 24 మంది ఒప్పుకోవాలి. చాలా కష్టం, 2025 మేలో టష్ పుష్‌ని (బంతి పట్టుకున్నవాణ్ణి జట్టువాళ్లు వెనక నుంచి తోయడం) నిషేధించాలన్న ప్రతిపాదనకి 22 ఓట్లే వచ్చాయి. కానీ అసాధ్యం కాదు. 2002 జనవరిలో మంచులో టామ్ బ్రేడీని కాపాడిన టక్ రూల్‌ని 2013లో తీసేశారు, అది మంచి పని. బంతి చేజారిందని కళ్లకి కనిపిస్తున్నా జారలేదని చెప్పించే రూల్ అది. అఫీషియల్ చేత అబద్ధం చెప్పించే రూల్ నిలవకూడదు. టచ్‌బ్యాక్ రూల్ నా చేత అలాంటి అబద్ధం ఎప్పుడూ చెప్పించలేదు.

నాకు ఒక ఓటు ఉంటే దాన్ని వేరే చోట వేస్తాను. గోల్ లైన్ దగ్గర ఫంబుల్‌ని రీప్లేలో చూస్తున్నప్పుడు, అదే దృశ్యంలో తల దించి గుద్దిన హెల్మెట్ స్పష్టంగా కనిపిస్తే జెండా వేసే అధికారం ఇవ్వాలి. చేత్తో బయటికి కొట్టడం కనిపించినా అంతే. ఆ అధికారం ముందే ఉండి ఉంటే సియాటిల్‌లో లయన్స్‌కి, కాన్సస్ సిటీలో బ్రౌన్స్‌కి బంతి తిరిగి దక్కేది, టచ్‌బ్యాక్ రూల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు ఆ వీడియో మళ్లీ పెట్టించండి. బంతిని కాసేపు వదిలేసి, సోరెన్సన్ తల ఎటు వెళ్తోందో చూడమనండి బావగారిని.